కంచంలో అన్నం తూచిన రోజు: కీటో, కొర్రలు, ఉపవాసం... మన ఇంటికి ఏది సరిపడుతుంది?

వంటింట్లోకి చిన్న డిజిటల్ కాటా కొన్నది పిండివంటలకు బెల్లం, పిండి తూచుకోవడానికి. ఒక మధ్యాహ్నం నాన్నగారికి వడ్డించబోతూ, ఖాళీ కంచాన్ని దాని మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, ఆయన రోజూ తినేంత అన్నం పెట్టి చూశాను. పప్పులోకి, చేపల పులుసులోకి, చివర పెరుగులోకి మారు పెట్టుకునేది కూడా కలిపితే 420 గ్రాములు వచ్చింది. రాత్రి కూడా అంతే తింటారు. అంటే రోజుకు 840 గ్రాముల అన్నం. వండిన అన్నం వంద గ్రాములకు సుమారు 130 కేలరీలు వేసుకున్నా, అన్నం ఒక్కటే దాదాపు 1,090 కేలరీలు. పొద్దుటి ఇడ్లీలు, రెండు పూటలా కాఫీ, సాయంత్రం జంతికలు ఇంకా ఈ లెక్కలోకి రాలేదు.

ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. పాతికేళ్ల కిందట కూడా ఇదే కంచం, ఇంతే అన్నం. అప్పుడు పొట్ట లేదు, షుగరు లేదు. సార్వా ఊడ్పుల రోజుల్లో తెల్లవారకముందే చేలోకి దిగి, మోకాలి లోతు దమ్ములో తిరిగి, పార పట్టి గట్లు సర్ది, మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి ఆ అన్నం అవసరమైన అన్నమే. ఇప్పుడు కోత యంత్రం వచ్చి పూటలో పని ముగించి వెళుతుంది. చేను చూసి రావడానికి మోటారు సైకిలు ఉంది. సగం పొలం రొయ్యల చెరువయింది. ఒంటికి పని తగ్గింది, కంచం మాత్రం తగ్గలేదు. ఒక్క మా ఇంట్లోనే కాదు, ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలువ నీళ్లతో వరి పండించుకుంటున్న ఊళ్లలో చాలా ఇళ్లలో జరిగింది ఇదే.

అందుకే ఎవరు ఏ డైట్ గురించి అడిగినా నేను దాన్ని ఈ కంచం పక్కన పెట్టి చూస్తాను. అది మన కంచంలో ఏం తీసేస్తుంది, ఏం పెడుతుంది, వచ్చే సంక్రాంతి నాటికి కూడా మనం దాన్నే తింటూ ఉండగలమా అన్నవే నా ప్రశ్నలు. నేను డాక్టరును కాను. నాన్నగారి షుగరు, నా బరువు, బంధువుల ప్రయోగాల పుణ్యమా అని ఎనిమిదేళ్లలో వీటిలో నాలుగు పద్ధతులను మా వంటింట్లోనే చూశాను. మిగిలినది చదివి, మా డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నది.

ముందు బరువు తగ్గాల్సిన అవసరం ఉందో లేదో చూసుకోవాలి. ఎత్తుకు బరువు తగినంతే ఉందా అని చూపే అంకెను బీఎంఐ అంటారు. భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. ఐదడుగుల ఐదంగుళాల మనిషికి, అంటే 165 సెంటీమీటర్ల ఎత్తుకు, 23 అంటే 62.6 కిలోలు, 25 అంటే 68 కిలోలు. దీనికన్నా దర్జీ టేపు ఎక్కువ నిజం చెబుతుంది. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే, కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నా లోపల కొవ్వు పేరుకుంటున్నట్టే. మన వాళ్లలో ఈ రకం ఒంటి తీరు ఎక్కువ.

మొదటి వారం చూపించే అంకెను నమ్మవద్దు

ఏ డైట్ మొదలుపెట్టినా మొదటి వారంలో రెండు కిలోలు తగ్గాయని సంబరంగా ఫోన్లు వస్తాయి. కాలేయంలోనూ కండరాల్లోనూ పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానగానే ఆ నిల్వ ఖర్చయి, దానితో పాటు నీరు బయటికి పోతుంది. పోయింది కొవ్వు కాదు. మళ్లీ రెండు రోజులు మామూలుగా తింటే ఆ రెండు కిలోలూ తిరిగి వస్తాయి. ఈ సంగతి తెలియక, ఫలానా పద్ధతి అద్భుతమని ఊరంతా చెప్పినవారినీ, రెండో వారంలో ముల్లు కదలకపోతే నిరాశపడి మానేసినవారినీ చూశాను.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 609 మందిని తీసుకుని, సగం మందికి కొవ్వు తగ్గించిన ఆహారం, సగం మందికి పిండిపదార్థం తగ్గించిన ఆహారం ఏడాది పాటు పాటింపజేశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి తీసుకోదగ్గది కాదు. రెండు గుంపుల్లోనూ బాగా తగ్గినవారున్నారు, బరువు పెరిగినవారూ ఉన్నారు. ఏ పేరు పెట్టినా, రోజు మొత్తంలో తినేది తగ్గితేనే బరువు తగ్గుతుంది. డైట్ల మధ్య అసలు తేడా ఇతర చోట్ల ఉంది: ఆకలిని ఎలా నిలుపుతాయి, కండను కాపాడతాయా, వాడుతున్న మందులతో కలిసి ఏం చేస్తాయి, ఎంతకాలం సాగుతాయి.

కీటో, కొబ్బరినూనె పద్ధతి

అందరూ ముందు అడిగేది దీని గురించే కాబట్టి దీని దగ్గరే కాసేపు ఆగుతాను.

కీటో ఆహారం బరువు కోసం పుట్టలేదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో మూర్ఛవ్యాధికి చికిత్సగా దీన్ని ప్రతిపాదించారు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఇప్పటికీ ఆసుపత్రి పర్యవేక్షణలో ఇస్తారు. రోజుకు పిండిపదార్థం 20 నుంచి 50 గ్రాముల లోపే ఉండాలి. అప్పుడు ఒళ్లు కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేసుకుని వాటితో నడుస్తుంది. 50 గ్రాములంటే ఎంతో మన కంచంలో చూస్తే తెలుస్తుంది: 180 గ్రాముల అన్నం, అంటే నాన్నగారి ఒక పూట అన్నంలో సగం కూడా కాదు. అంతటితో రోజు మొత్తం అయిపోయినట్టే. పప్పు, అరటిపండు, పాలు, బెల్లం, కంద, చిలగడదుంప అన్నీ దూరం.

మన దగ్గర బాగా ప్రచారమైన రూపంలో రోజుకు 70 నుంచి 100 గ్రాముల నూనె, ముఖ్యంగా కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, విటమిన్ మాత్రలు ఉంటాయి. కోనసీమలో కొబ్బరికి కొదవ లేదు కనుక చాలా ఇళ్లలో ఇది సులువుగా మొదలైంది. 100 గ్రాముల నూనె అంటే 900 కేలరీలు. కొబ్బరినూనెలో 90 శాతం దాకా సంతృప్త కొవ్వే. కొందరిలో దీనివల్ల చెడు కొలెస్టరాల్ బాగా పెరుగుతుంది. తండ్రికో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన కుటుంబాల వారు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. వెళ్లి తీరతామంటే మొదలుపెట్టే ముందు, రెండు నెలల తరువాత కొలెస్టరాల్ పరీక్ష తప్పనిసరి.

దీనిలో మేలు లేదని నేను అనను. ఆకలి నిజంగానే తగ్గుతుంది. అన్నం మానేస్తే షుగరు అంకెలు కొద్ది రోజుల్లోనే దిగుతాయి. మా పెదనాన్నగారి అబ్బాయి రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాడు. మొహం కళ తప్పినా ఉత్సాహంగా ఉండేవాడు. మాఘమాసంలో పెళ్లిళ్లు మొదలయ్యాయి. ఒక విందులో బిర్యానీ, మరొక విందులో పులిహోర, ఇంటికి వచ్చిన కాజాలు. నెల తిరిగేసరికి కీటో లేదు, ఎనిమిది నెలలకు పది కిలోలు వెనక్కి వచ్చాయి. వేగంగా తగ్గినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువగా కొవ్వే వస్తుంది. వాడి బరువు మొదటి అంకె కన్నా కిలోనే ఎక్కువైనా, ఒళ్లు మాత్రం మునుపటిది కాదు. నడుము రెండంగుళాలు పెరిగింది.

ఇక ప్రమాదం. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా కీటో మొదలుపెట్టకూడదు. ఈ మాత్రలు చక్కెరను మూత్రంలో పంపించివేస్తాయి. దానికి తోడు అన్నం పూర్తిగా మానేస్తే కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లంగా మారిపోవచ్చు. భయపెట్టే విషయం ఏమిటంటే, ఆ సమయంలో వేలు గుచ్చి చూసుకుంటే షుగరు దాదాపు మామూలుగానే కనిపిస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే షుగరు బాగానే ఉందని ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, మూత్రంలో రాళ్లు వచ్చినవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా దీనికి దూరంగా ఉండాలి.

కొర్రలు, అరికెలు, సామలు

దీన్ని మన వాళ్లలో విస్తృతంగా చెప్పినవారు డాక్టర్ ఖాదర్ వలి. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు అనే ఐదు సిరిధాన్యాలను వరి, గోధుమల స్థానంలో తినమని ఆయన మాట. మా పిన్ని మూడేళ్లుగా తింటోంది, ఇష్టంగా తింటోంది, మలబద్ధకం పోయిందని చెబుతుంది. ఆ మాట నేను నమ్ముతాను, ఎందుకంటే పాలిష్ పట్టిన బియ్యంలో కన్నా వీటిలో పీచు చాలా ఎక్కువ.

బరువు విషయంలో మాత్రం ఒక అపోహ ఉంది. పొడి గింజలు వంద గ్రాములు తూచి చూస్తే కొర్రల్లో దాదాపు 330 కేలరీలు, బియ్యంలో దాదాపు 350. తేడా అంతే. 'కొర్రలే కదా' అని అదే కంచం నిండా పెట్టుకుంటే బరువు తగ్గదు. వీటి మేలు మరో దారిన వస్తుంది. పీచు వల్ల నమలడం ఎక్కువ, కడుపు త్వరగా నిండుతుంది, షుగరు మెల్లగా పెరుగుతుంది, కాబట్టి కొంత తక్కువకే చేయి ఆగుతుంది. ఆ ఆగడం జరగకపోతే లాభం సగం పోయినట్టే. పైగా కొర్రన్నాన్ని జావగా మెత్తగా ఉడికించినా, పిండి పట్టించి బిస్కెట్లు చేసినా ఆ మెల్లదనం తగ్గిపోతుంది. తెల్లగా మెరిసే పాలిష్ కొర్రలు కొంటే పొట్టుతో పాటు పీచూ పోయినట్టే. గింజ మీద పైపొర ఉన్నవి చూసి తీసుకుని, ఆరేడు గంటలు నానబెట్టి వండాలి.

డెల్టా ఇళ్లలో దీనికున్న అడ్డంకి రుచి. పప్పుచారులోకీ పెరుగులోకీ కొర్రన్నం బాగానే కలుస్తుంది. చేపల పులుసులోకి మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడు చేసుకున్న ఏర్పాటు ఇప్పటికీ సాగుతోంది: రాత్రి కొర్రలు, మధ్యాహ్నం అన్నం. అన్నంలోనూ ఎంపిక ఉంది. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి 2008లో విడుదల చేసిన మెరుగుపరచిన సాంబ మసూరిని ఆకు ఎండు తెగులు తట్టుకోవడానికి తయారుచేశారు. తరువాత పరీక్షల్లో దాని గ్లైసెమిక్ సూచిక, అంటే తిన్నాక షుగరును ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, దాదాపు 51 అని తేలింది. మామూలు సన్నబియ్యం కన్నా ఇది చాలా తక్కువ. దొరికితే షుగరు ఉన్న ఇంటికి మంచి బియ్యమే. ఇది కూడా కంచం తగ్గించకుండా తినడానికి అనుమతి పత్రం కాదు.

పదహారు గంటల ఉపవాసం

రోజులో ఎనిమిది గంటల లోపే తిని, మిగిలిన పదహారు గంటలు నీళ్లతో గడపడం. కార్తీక సోమవారాలు ఉండి సాయంత్రం దీపం పెట్టాక నక్తం తినే ఇళ్లకూ, రంజాన్ నెల పాటించే ఇళ్లకూ ఆకలిని ఓపికగా భరించడం కొత్త కాదు. అందుకే మనవాళ్లకు ఇది కీటోకన్నా తేలిగ్గా పట్టుబడుతుంది. వంట మారదు, సరుకులు మారవు, వేరే గిన్నె పెట్టనక్కర లేదు.

చైనాలో 139 మంది స్థూలకాయుల మీద ఏడాది పాటు జరిపి 2022లో ప్రచురించిన పరిశోధనలో రెండు గుంపులకూ కేలరీలు ఒకేలా తగ్గించారు. ఒక గుంపు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు మధ్యే తినాలి. వారు 8 కిలోలు, వేళల నియమం లేనివారు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా కాకతాళీయం కావచ్చన్నంత చిన్నది. ఉపవాసంలో మంత్రం లేదు, తినే వేళ కుదించుకుంటే తిండి తగ్గే అవకాశం ఉంది, అంతే. ఉపవాసానికి నోబెల్ వచ్చిందని తిరిగే సందేశాలనూ సరిచేయాలి. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి ఆ బహుమతి వచ్చింది ఈస్టు కణాలు తమలోని పాత భాగాలను తామే కరిగించుకునే విధానాన్ని వెలికితీసినందుకు. బరువు తగ్గే ఆహార నియమానికి కాదు.

మా అనుభవంలో, పదహారు గంటలు బిగించడం కన్నా రాత్రి భోజనాన్ని తొమ్మిదిన్నర నుంచి ఏడింటికి తేవడం ఎక్కువ పనిచేసింది. టీవీ ముందు జంతికలూ చేగోడీలూ తినే గంట దానంతట అదే పోయింది. కానీ రాత్రంతా చెరువు గట్టు మీద నీటిలో గాలి కలిపే ఏరేటర్లు చూసుకుంటూ, ఆక్సిజన్ పడిపోతుందేమోనని మేలుకుని ఉండే రొయ్యల రైతుకు ఈ వేళలు కుదరవు. అతనికి తెల్లవారుజామున ఆకలేస్తే ఉడికించిన గుడ్డు, గుప్పెడు వేరుశనగలు దగ్గర పెట్టుకోమనడమే నిజమైన సలహా.

గ్లిమెపిరైడ్, గ్లిక్లాజైడ్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారు మాత్రం జాగ్రత్త. మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. మా వీధిలో ఒక పెద్దావిడ ఏకాదశి నాడు మాత్ర యథాప్రకారం వేసుకుని, మధ్యాహ్నానికి చెమటలు పట్టి, మాట తడబడి పడిపోయారు. చక్కెర నీళ్లు తాగించాక తేరుకున్నారు. ఉపవాసం ఉండాలంటే మాత్రల చీటీ పట్టుకుని ముందుగా డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఏ మాత్ర ఏ పూట తగ్గించాలో వారే చెప్పాలి.

త్వరగా చెప్పి ముగించగలవి

ఏడు రోజుల డైట్ అని ఒకటి తిరుగుతుంటుంది. ఒక రోజు పండ్లు, ఒక రోజు కూరగాయలు, ఒక రోజు అరటిపండ్లూ పాలూ. మాంసకృత్తులు చాలా తక్కువ, పోయేదాంట్లో నీరు ఎక్కువ, ఎనిమిదో రోజు ఏం తినాలో అది చెప్పదు. నేను ఎవరికీ సూచించను.

నీళ్లలో కలుపుకుని రెండు పూటల భోజనం మానేయమనే పొడుల సంగతీ అంతే. మా ఊళ్లో వాటిని అమ్మేవారే వైద్యం కూడా చెబుతారు, అది నాకు బాధ కలిగించే విషయం. మూలికల పేరుతో అమ్మే కొన్ని ఉత్పత్తుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపాలి. అలాగని తక్కువ కేలరీల పానీయాలన్నీ చెడ్డవి కావు. బ్రిటన్‌లో డాక్టర్ల పర్యవేక్షణలో రోజుకు దాదాపు 850 కేలరీల పానీయాలు కొన్ని నెలలు ఇచ్చి, తరువాత మెల్లగా మామూలు తిండికి తెచ్చినప్పుడు, ఏడాదికి దాదాపు సగం మందిలో టైప్ 2 షుగరు మందులు లేకుండానే అదుపులోకి వచ్చింది. 2017లో వెలువడిన ఫలితం అది. అక్కడ ఫలితం తెచ్చింది డాక్టరు పర్యవేక్షణ, తరువాతి నెలల శ్రద్ధ. ఎదురింట్లో కొన్న డబ్బా దానికి సాటి రాదు.

ప్రకృతి వైద్యం పేరుతో మంతెన సత్యనారాయణరాజు గారు చెప్పే ఉప్పు లేని, నూనె లేని వంట బీపీ ఉన్నవారికి ఆలోచించదగ్గది. మన ఆవకాయ, ఉప్పుచేప, ఎండు రొయ్యలు, అప్పడాలు చూస్తే ఉప్పు ఎంత తింటున్నామో తెలుస్తుంది. పూర్తిగా మానేయడం అందరికీ సాగదు, వృద్ధుల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు వాడేవారికి సోడియం పడిపోయే ప్రమాదమూ ఉంది. సగానికి తగ్గించడం సాగుతుంది. కిడ్నీ బలహీనంగా ఉన్నవారు పండ్ల రసాలు, కొబ్బరినీళ్లు ఆరోగ్యమని రోజూ తాగకూడదు, వాటిలో పొటాషియం ఎక్కువ. కొబ్బరితోటల మధ్య ఉండే మనకు ఈ మాట మరీ అవసరం.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు 2025లో మన మార్కెట్లోకి వచ్చాయి. అవి డైట్ కాదు, మందు. ఎవరికి అవసరమో డాక్టరు తేల్చాలి. వాటితో ఆకలి తగ్గినప్పుడు ఉన్న కొద్ది తిండిలో పప్పు, గుడ్డు, చేప లేకపోతే కండ కరుగుతుంది.

సముద్రం అవతలి పేర్లు, ఇవతలి వంట

నిపుణులు ఎక్కువగా మెచ్చుకునే రెండు పద్ధతుల పేర్లు మనకు దూరంగా వినిపిస్తాయి. ఒకటి డాష్, రక్తపోటు కోసం అమెరికాలో రూపొందింది. 1997లో వచ్చిన పరీక్షలో రక్తపోటు ఉన్నవారికి పై అంకె ఎనిమిది వారాల్లో సగటున 11 పాయింట్ల దాకా తగ్గింది. రెండోది మధ్యధరా ఆహారం. స్పెయిన్‌లో ఏడు వేల మందికి పైగా మనుషుల మీద జరిగిన పరిశోధనలో గుండెపోటు, పక్షవాతం ముప్పు దాదాపు 30 శాతం తగ్గిందని తేలింది. రెండూ బరువును పరుగుపెట్టించి తగ్గించవు. మనిషిని మాత్రం కాపాడతాయి.

ఆలివ్ నూనె, చీజ్ మాట అటుంచితే వాటి అసలు సరుకు ఏమిటి? కూరగాయలు, ఆకుకూరలు, పప్పుధాన్యాలు, చేపలు, గింజలు, తక్కువ ఉప్పు, తక్కువ మాంసం. లంక గ్రామాల నుంచి సంతకు వచ్చే బెండ, దొండ, వంకాయ, బీర, ఆనపకాయ, పొట్ల; తోటకూర, బచ్చలి, గోంగూర; సార్వా తరువాత వరి మాగాణుల్లో వేసే మినుములు, పెసలు; చెరువు చేపలు శీలావతి, బొచ్చె, కాలువలో కొర్రమీను. ఆ పద్ధతి సరుకంతా మనకు కాలినడకన దొరుకుతుంది. లేనిది నిష్పత్తి. మన కంచంలో అన్నం ముప్పాతిక, కూర పాతిక. పైగా ఆ కూర కూడా అన్నం జారడానికి చేసినట్టు నూనెలో వేగి, ఉప్పూ కారం దట్టించి ఉంటుంది.

ఆ నిష్పత్తిని మార్చమన్నదే హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల సారాంశం. పెద్దగా శ్రమ లేని మనిషికి, 2,000 కేలరీల రోజులో, తిండిగింజలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పండ్లు 100, పాలు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు. ఈ గింజల బరువు వండక ముందుది, పొద్దుటి ఇడ్లీ, ఉప్మా కూడా దానిలో భాగమే. నాన్నగారు అన్నం ఒక్కదానికే దాదాపు 300 గ్రాముల బియ్యం తినేవారు. పప్పు 30 దాటేది కాదు. కూరగాయలు 150 ఉంటే గొప్ప.

అయితే ఎవరికి ఏది?

నా వరుస ఇది. మొదట మందుల చీటీ చూడాలి. షుగరు మాత్రలు, ఇన్సులిన్, కిడ్నీ జబ్బు, గర్భం, పదహారేళ్ల లోపు పిల్లలు, ఈ మాటలు వినిపిస్తే కీటో, దీర్ఘ ఉపవాసం రెండూ డాక్టరు గదిలో తేలాల్సినవే. ఈ ఇబ్బందులు లేని ముప్పై ఏళ్ల మనిషి, వంట తానే చేసుకునేవాడు, బియ్యం పిచ్చి లేనివాడు అయితే, పిండిపదార్థాన్ని ఒక మోస్తరుగా తగ్గించే ఆహారం బాగా పనిచేస్తుంది. కీటో దాకా వెళ్లనక్కర లేదు. రాత్రి చిరుతిండి అలవాటున్నవారికి వేళలు కుదించుకోవడం మంచి ఎంపిక. మలబద్ధకం, తిన్న గంటకే ఆకలి ఉన్నవారికి కొర్రలు. బీపీ ఉన్నవారు ముందు ఉప్పు, ఊరగాయ చూసుకోవాలి. ఇంట్లో నలుగురికీ ఒకే వంట చేసే ఇల్లాలికి వేరు వేరు డైట్లు చెప్పడం అన్యాయం. ఆమెకు పనికొచ్చేది నిష్పత్తి మార్చే పద్ధతి ఒక్కటే, ఎందుకంటే పొయ్యి మీద ఏమీ మారదు, గరిట మాత్రమే మారుతుంది.

ఎంత వేగంగా తగ్గాలి అంటే వారానికి అర కిలో చాలు. రోజుకు వెయ్యి కేలరీల కిందకి సొంతంగా దిగకూడదు. బాగా వేగంగా తగ్గేవారిలో పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది, జుట్టు ఊడుతుంది, అరవై దాటినవారిలో కండ పోయి తొడలు సన్నబడి పడిపోయే ప్రమాదం వస్తుంది.

మా ఇంట్లో చేసింది చెబుతాను. మొదటి నెల 420 గ్రాముల అన్నాన్ని 350కి, రెండో నెల 280కి, నాలుగో నెలకు 220కి తెచ్చాం. తగ్గించిన చోటు ఖాళీగా వదల్లేదు. కంచంలో ముందు కూర పడుతుంది, అన్నం తరువాత. వేపుడు వారానికి రెండు సార్లు, మిగతా రోజులు ఇగురు గానీ ఆవపెట్టిన కూర గానీ. పప్పు పలచగా కాకుండా గట్టిగా, చెంచాతో తినేలా. చేప ముక్కలు రెండు ఎక్కువ, పులుసు తక్కువ. మొదట కూర, పప్పు, చేప కొంత తిన్నాక అన్నం కలుపుకోవడం నాన్నగారికి వింతగా అనిపించింది. ఇలా తింటే భోజనం తరువాత షుగరు అంత ఎత్తుకు పోదు, మీటరుతో మేమే చూసుకున్నాం. పూటకు 200 గ్రాముల అన్నం తగ్గితే రోజుకు 520 కేలరీలు తగ్గినట్టు. పెరిగిన పప్పు, చేపల కేలరీలు మినహాయించినా నికరంగా 350 తగ్గినట్టే. దీనికి తోడు పొద్దున్నే కాలువ గట్టు వెంట అరగంట నడక, ఇంటికి వచ్చాక చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పది సార్లు లేవడం.

పది నెలల్లో 83 కిలోల నుంచి 77కి వచ్చారు. మూడు నెలల సగటు షుగరు తగ్గి, డాక్టరు గారు ఒక మాత్ర తీసేశారు. మధ్యలో రెండు నెలలు ముల్లు అసలు కదలలేదు. అప్పుడు నడుము టేపు మాత్రం ఒక అంగుళం తక్కువ చూపించింది. సోమవారం పొద్దున, ఏమీ తినకముందు, వారానికి ఒక్కసారే బరువు చూస్తాం. రోజూ చూస్తే నీటి హెచ్చుతగ్గులు మనసు పాడుచేస్తాయి.

పండుగలను మేం మానలేదు. భోగి నాడు అమ్మ అరిసెలు వండింది, ఆత్రేయపురం నుంచి పూతరేకులు వచ్చాయి. నాన్నగారు రెండు అరిసెలు, ఒక పూతరేకు తిన్నారు. భోజనానికి కూర్చున్నాక కాటాను ఆయనే దగ్గరకు జరుపుకుని, అన్నం గిన్నె మీద నా చెయ్యి పట్టుకుని ఆపి, "ఇవాళ నూట యాభై చాలమ్మా, పెరుగులోకి ఆ కాస్తా ఉంచు" అన్నారు.